మా క్యాంటీన్‌లో ఆదాయపు పన్ను రద్దయిన రోజులు

వెనక షెడ్డులో ఇనుము పోత, ముందు గదిలో జీతాల కోత. నాచారం పారిశ్రామికవాడలో నేను పనిచేసిన కర్మాగారం గురించి ఇంతకంటే క్లుప్తంగా చెప్పలేను. పంపులకు కావలసిన ఇనుప భాగాలు అక్కడ పోత పోసి, చెక్కి, రంగు వేసి లారీ ఎక్కించేవాళ్ళు. పోత వాళ్ళది, కోత నాది. అకౌంట్స్ గుమాస్తాను కాబట్టి నెలాఖరుకు ప్రతివాళ్ళ జీతంలోంచీ ఏదో ఒకటి కోసి, మిగిలింది కవర్లో పెట్టి ఇచ్చేవాణ్ణి. అందుకే నన్ను చూస్తే ఎవరికీ పెద్దగా ప్రేమ పుట్టేది కాదు. నాక్కూడా నా మీద పుట్టేది కాదు. నా జీతం కోసేదీ నేనే.

గోదావరి జిల్లా నుంచి వచ్చి ఉప్పల్లో రెండు గదుల వాటాలో కాపురం పెట్టిన కొత్తలో నాకు ఆదాయపు పన్ను లేదు. లేదని బాధగా ఉండేది. నాలుగేళ్ళకి జీతం పెరిగి ఆ గీత దాటాక, ఉందని బాధ మొదలైంది. పన్ను మీద శ్లేష తెలుగువాడికి పుట్టుకతో వచ్చే హక్కు. నేను ఆ హక్కును రోజుకు రెండుసార్లు వాడుకునేవాణ్ణి. ‘పాలపళ్ళు ఊడిపోతాయి, ఈ పన్ను మాత్రం ఊడదు’ అంటే మొదటిసారి మా ఆవిడ నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. అమ్మకం పన్ను స్థానంలో వ్యాట్ వచ్చిన ఏడాది మాత్రం, ‘వ్యాట్ అంటే వాట్?’ అని తనే అడిగి నా ముందరికాళ్ళకు బంధం వేసింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పేపర్లో ఎవరో పెద్దమనిషి రాసిన వ్యాసం చదివాను. ఆదాయపు పన్ను పూర్తిగా తీసెయ్యాలి, దేశమంతటికీ ఒకే అమ్మకం పన్ను పెట్టాలి, సంపాదించినవాణ్ణి కాదు ఖర్చుపెట్టినవాణ్ణి అడగాలి అని దాని సారాంశం. చదువుతుంటే ఎవరో నా వీపు నిమిరినట్టు అనిపించింది. కాగితం కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో దాన్ని విప్పి గట్టిగా చదివాను. మా కర్మాగారంలో ఆ తర్వాత నాలుగు నెలలు జరిగినదంతా ఆ కత్తిరింపు పుణ్యమే.

ముందు క్యాంటీన్ సంగతి చెప్పాలి. ఇనుము పోత పోసే ఫౌండ్రీ షెడ్డు పక్కనే రేకుల కప్పు, నాలుగు పొడవాటి బల్లలు. భోజనానికి ఎవరూ అక్కడ డబ్బులివ్వరు. జీతాన్ని బట్టి నెలకింత అని నేనే కోసేవాణ్ణి. మేనేజరుకు ఎక్కువ, ఆఫీసువాళ్ళకు కాస్త తక్కువ, షెడ్డుల్లో పనిచేసేవాళ్ళకు ఇంకా తక్కువ. ఆ తర్వాత ఎవరు ఎంత తిన్నా అడిగేవాళ్ళు లేరు. వండేది జనగామ వైపు నుంచి వచ్చిన ఒకావిడ. మేనేజరుతో సహా అందరూ ఆవిణ్ణి అక్క అనేవాళ్ళు. ఆవిడ పద్ధతి ఒకటుంది. మొదటి బంతి ఎప్పుడూ బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళది. ఆఫీసువాళ్ళు ఎంత తొందరలో ఉన్నా రెండో బంతికే. ‘మంట కాడికెళ్ళి వచ్చినోళ్ళు ముందు’ అనేది. గరిటె ముంచే ముందు మనిషి మొహం చూసేది. మొహాన్ని బట్టి వడ్డన.

ఆ మొదటి బంతిలో చివర కూర్చునే మనిషిని మేము బట్టీ అన్న అనేవాళ్ళం. కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసేది అతనే. జవహర్‌నగర్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. మాట తక్కువ. ఒకసారి పప్పుతో, ఒకసారి చారుతో, మూడోసారి మజ్జిగతో తినేవాడు. మూడోసారి కంచం చాపేటప్పుడు కూడా తల ఎత్తేవాడు కాదు, అక్కా అడిగేది కాదు. నేను బట్టీ పట్టి పాసైనవాణ్ణి, అతను బట్టీ పట్టుకుని బతికేవాడు. మా ఇద్దరి ఆకలికీ అంత తేడా.

నా కత్తిరింపు చదవగానే ఎదురు తిరిగింది మామ. లేతు యంత్రం మీద ఇనుము చెక్కే టర్నర్. వయసులో అందరికంటే పెద్ద. కర్మాగారంలో ఎవరికీ చుట్టం కాదు, అయినా అందరికీ మామే.

“ఏంది సార్, ఇన్‌కంటాక్సు తీసేస్తే ఖుష్ అయ్యేది ఎవరు? నువ్వు. నీ అసొంటోళ్ళు. మేము కడుతున్నమా?”

“అదే చెబుతున్నా మామా. నువ్వు కట్టడం లేదు, నేను కడుతున్నాను. పెద్ద దుకాణంవాడికి నా జీతానికి వందరెట్లు వస్తుంది, కాగితం మీద మాత్రం నా కంటే బీదవాడు. ఆదాయం దాచుకోవచ్చు. కారు కొంటే దాచుకోలేడు కదా. కొన్నప్పుడు పట్టుకుందాం అంటున్నారు.”

“కారు కొన్నప్పుడు పట్టుకో. నేనొద్దన్ననా? సబ్బు కొన్నప్పుడు నన్నెందుకు పట్టుకుంటున్నవ్?”

“సబ్బుకు తక్కువ వేస్తారు.”

“దుకాణపోనికీ అదే సబ్బు, నాకూ అదే సబ్బు. నూనె పట్టిన చేతులు నావి. నాకే రెండు సబ్బులు గావాలె.”

షెడ్డు జనం బల్లలు చరిచారు. మామ ఆగలేదు. “సార్, నీ జీతం నెలకొకసారి. మా ఆకలి రోజుకు మూడుసార్లు. పన్ను దేనిమీద ఎయ్యాలెనో నువ్వే చెప్పు.”

జవాబు లేనప్పుడు నేను ఉదాహరణ చెబుతాను. అదే నా కొంప ముంచింది. “దేశం దాకా ఎందుకు, ఈ క్యాంటీనే చూడు మామా. నేను ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటాను. వారంలో మూడు రోజులు ఇక్కడ మెతుకు ముట్టను. అయినా నా జీతంలో కోత. ఇది ఆదాయపు పన్ను కాకపోతే ఏమిటి? తినేవాడే కట్టాలి. అది న్యాయం.”

తినేవాడే కట్టాలి. మూడు రోజులు అదే వాదన. అరగంట భోజన విరామంలో తినేది పది నిమిషాలు, మిగతాదంతా దేశ ఆర్థిక వ్యవస్థ. ఆఫీసువాళ్ళు నా పక్షం, షెడ్డువాళ్ళు మామ పక్షం. నాకు జీవితంలో మొదటిసారి ఒక పక్షం ఉండటంతో కొంచెం కైపెక్కింది. ఆ మధ్యలోనే దవడపన్ను నొప్పెట్టి హబ్సిగూడలో పీకించుకుని, చెంప వాచిన మొహంతో పనికొస్తే మామ గుమ్మంలోనే పలకరించాడు.

“ఒక పన్నయితే రద్దయింది సార్. ఇగ రెండోది సూద్దాం.”

శ్లేషలో కూడా ఓడిపోయానని ఆ రోజు అన్నం తినలేదు. తినలేకపోయింది చెంప వాపు వల్ల అని అందరికీ చెప్పాను.

వాదన మేనేజరు చెవిన పడింది. ఆయన కొత్త పద్ధతులంటే ముచ్చటపడే మనిషి. గదిలోకి పిలిచి, “దేశం ఎప్పుడు చేస్తుందో కానీ, మనం చేసి చూద్దామయ్యా. రాసుకురా” అన్నాడు. రెండు పేజీలు రాసుకెళ్ళాను. క్యాంటీన్ కోత అందరికీ రద్దు. అన్నం ఒక వడ్డనకు ఒక టోకెన్, కూరకు ఒకటి, మజ్జిగకు ఒకటి, ఆమ్లెట్‌కు ఒకటి. టోకెన్లు నా కిటికీ దగ్గర అమ్మకం. నా జీవితంలో అంత శ్రద్ధగా రాసిన రచన అంతకుముందు లేదు. తర్వాత కూడా లేదు.

క్యాంటీన్‌లోనే చేతులెత్తించారు. కోత లేకపోతే చేతికొచ్చేది పెరుగుతుందని నేను ఒక్క వాక్యం చెప్పాను, అంతే. చేతులు లేచాయి. ఆఫీసువాళ్ళవే కాదు, మూడు రోజులు మామ కోసం బల్లలు చరిచినవాళ్ళవీ లేచాయి. చివర కూర్చున్న బట్టీ అన్న చెయ్యి కూడా లేచింది. లేవనివి రెండే, మామదీ అక్కదీ. అక్క చేతిలో గరిటె ఉంది, అందుకని ఎత్తలేదేమో అనుకున్నాను.

“సరే సార్. నీ సిన్మా సూద్దాం,” అన్నాడు మామ.

మొదటి నెల బాగానే ఆడింది. జీతం కవర్లు కాస్త లావయ్యాయి. నన్ను చూసి నవ్విన మొహాలు అప్పుడే మొదటిసారి లెక్కకు వచ్చాయి. నేను ధీమాగా డబ్బా తెచ్చుకుని, పైసా కట్టకుండా క్యాంటీన్ బల్ల మీద తినేవాణ్ణి. ఆఫీసులో మిగతావాళ్ళూ నన్ను చూసి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎక్కువ కట్టేవాళ్ళంతా ఇలా డబ్బాల్లోకి తప్పుకుంటే ఏమవుతుందో నా రెండు పేజీల్లో రాయలేదు. ఏమవుతుందంటే, టోకెన్ రేటు పెరుగుతుంది. రెండో నెలలో ఒకసారి పెరిగింది, మూడో నెలలో ఇంకోసారి. కిటికీ మీద పాత రేటు కొట్టేసి కొత్తది రాసింది నేనే.

బట్టీ అన్న సంగతి నేను వెంటనే గమనించలేదు. ఒకరోజు నా డబ్బా తొందరగా తెరిచి మొదటి బంతితో పాటు కూర్చున్నాను. అతను ఒక టోకెన్ ఇచ్చాడు, ఒకసారి తిన్నాడు, రెండు గ్లాసుల నీళ్ళు తాగి లేచాడు. మర్నాడూ అంతే. నేను అక్క దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగాను.

“అక్కా, బట్టీ అన్నకు ఒంట్లో బాలేదా?”

“ఒంట్ల బాగనే ఉన్నది సారు. నీళ్ళకు టోకెన్ లేదు గద, అందుకని నీళ్ళు తాగుతుండు.”

“మరి కాస్త వెయ్యకపోయారా?”

“నేనెట్లేస్త? రూల్ రాసింది నువ్వే. అయినా ఏస్తనన్న సారు. ఇస్తే తీసుకుంటలేడు. ఫ్రీగ ఎందుకక్కా అంటుండు. గిన్నెల అన్నం మిగుల్తుంది, ఆయన కడుపు మిగుల్తుంది.”

నాకు అర్థం కాలేదు. కోత పోయి అతని జీతం పెరిగింది కదా, ఆ పెరిగిన దాంతో టోకెన్లు కొనుక్కోవచ్చు కదా? ఈ ప్రశ్న మామను అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మామ లేతు ఆపి నా వంక చూశాడు. వెక్కిరించలేదు. వెక్కిరించి ఉంటే బాగుండేది.

“సార్, కోత అన్నప్పుడు ఆ పైసలు వాని చేతికే రాలే. ఇంట్ల ఎవరికీ ఎరుక లేకుండె. ఇప్పుడు కవర్ల వస్తున్నయ్. కవరు తీస్కపోయి ఇంట్ల ఇస్తడు. జీతం పెరిగిందని చెప్పిండు గద, ఇంకో గదికి గోడలు లేపుతున్నరు. ఇగ రోజూ పొద్దుగాల, నా అన్నానికి పైసలియ్యి అని పెండ్లాన్ని అడుగుతడా? ఒక్క టోకెన్‌కు అడిగిందే ఎక్కువ.”

నా రెండు పేజీల్లో చేతికొచ్చే డబ్బు అని నేను ఎంతో గర్వంగా రాశాను. ఆ చెయ్యి సాయంత్రం ఇంటికెళ్ళి పిడికిలి విప్పుతుందని, మర్నాటికి ఖాళీ అవుతుందని నాకు తట్టలేదు. నా చెయ్యి కూడా అంతే మరి. నా కవరూ ఉప్పల్లో మా ఆవిడ చేతికే పోయేది. నాకు తట్టకపోవడానికి కారణం, నా డబ్బా నిండుగా వచ్చేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హాజరు కాగితాలు పట్టుకుని ఫౌండ్రీ షెడ్డుకు వెళ్ళాను. బట్టీ అన్న కరిగిన ఇనుము పాత్ర పట్టుకుని అచ్చు దగ్గరికి నడుస్తున్నాడు. పొయ్యలేదు. పక్కవాణ్ణి కేకేసి, పాత్రను జాగ్రత్తగా అతనికి అప్పగించి, ఇసుక కుప్ప మీద కూర్చుండిపోయాడు. అంతే జరిగింది, అంతకుమించి ఏం జరగలేదు. నేను కాగితాలు కింద పెట్టి అతని పక్కన కూర్చున్నాను.

“ఏం లేదు సార్. జర కండ్లు తిరిగినయ్.”

నా డబ్బా తెచ్చి ముందు పెట్టాను. గోంగూర పప్పు ఉంది. “మీ డబ్బా మీరు తినుండ్రి సార్,” అని చేత్తో పక్కకు జరిపాడు. ఎవరు చెప్పారో, అక్క కంచం నిండా అన్నం కలుపుకుని వచ్చింది. ఆవిణ్ణి మాత్రం కాదనలేకపోయాడు. అతను తింటుంటే అక్క నా వైపు తిరిగి, “రాస్కో సారు. రూల్ తప్పిన” అంది.

నేను రాసుకోలేదు. కానీ మర్నాడు బట్టీ అన్న నా కిటికీ దగ్గరికి వచ్చి ఒకటి కాదు, రెండు టోకెన్లు కొన్నాడు. బంతిలో కూర్చుని రెండూ అక్క ముందు పెట్టాడు. అక్క సంతోషంగా రెండోసారి వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఒకటి నిన్నటిదక్కా.”

ఆ మధ్యాహ్నమే మేనేజరు గదికి వెళ్ళి, పాత పద్ధతికి పోదామండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “జీతంలో కొయ్యాలంటే అందరూ ఒప్పుకుని సంతకం పెట్టాలయ్యా. తియ్యడం తేలిక, వెయ్యడం తేలిక కాదు. తెచ్చుకో సంతకాలు.”

షెడ్డువాళ్ళు గొణుక్కుంటూనైనా మామ మాట మీద ఒప్పుకున్నారు, ఆఫీసువాళ్ళు పెట్టాక పెడతామన్నారు. చిక్కు ఆఫీసుతో వచ్చింది. కాగితం పట్టుకుని ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్ళాను. స్టోర్స్ చూసే పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని, “తినేవాడే కట్టాలండీ. అది న్యాయం. మీరే కదా చెప్పారు?” అన్నాడు. పక్క బల్ల ఆయన నా ఉదాహరణే, నా గొంతుతోనే, నాకు అప్పజెప్పాడు. మూడు నెలలు నేను వాళ్ళకు నేర్పిన పాఠం. నా జన్మలో అంత బాగా చదువుకున్న శిష్యులు దొరకలేదు. ఒక్కడూ సంతకం పెట్టలేదు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మా దగ్గర యంత్రాలన్నీ కడిగి, బంతిపూలు కట్టి, గుమ్మడికాయ కొట్టాక అందరికీ భోజనం కంపెనీదే. టోకెన్లు ఉండవు. ఆ ఏడాది మేనేజరు భోజనానికి ముందు ఒక వినోదం ఏర్పాటు చేశాడు. ఆదాయపు పన్ను ఉండాలా, దాని బదులు దేశమంతటికీ అమ్మకం పన్నా అని చర్చ. అమ్మకానికి నేను, ఆదాయానికి మామ. ఆఫీసు, షెడ్డులు అందరూ ఒకేచోట కూర్చునే రోజు అదొక్కటే కాబట్టి, సంతకాల కాగితం మడిచి కత్తిరింపు పక్కనే జేబులో పెట్టుకున్నాను.

మైకు ముందు నిలబడ్డానో లేదో అక్క గరిటెతో పళ్ళెం మీద కొట్టింది. “అన్నం చల్లారుతది. ముందు తినుండ్రి, తర్వాత కొట్లాడుండ్రి.”

మేనేజరు కూడా నోరు మూసుకుని కూర్చున్నాడు. అందరికీ ఒకటే బంతి. పులిహోర, బగారా అన్నం, వంకాయ కూర, పెరుగు. రెండో బంతికి అలవాటుపడ్డ ఆఫీసువాళ్ళు బట్టీ అన్న తినడం ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఎదురుగా చూశారు. మొదటిసారి పెట్టిందంతా తిని కంచం చాపాడు. రెండోసారి. మూడోసారి. అక్క మొహం వెలిగిపోతోంది. అప్పటికి స్టోర్స్ పెద్దమనిషి తన ముద్ద చేతిలోనే పట్టుకుని చూస్తూ, “రోజూ ఇంతేనా?” అన్నాడు నాతో మెల్లగా.

“జ్యేష్ఠం దాకా ఇంతే. ఇప్పుడు ఇందులో మూడోవంతు,” అన్నాను.

“ఎందుకు?”

“నేను రెండు పేజీలు రాశాను కదండీ.”

చర్చ మొదలైంది. మామ రెండు నిమిషాల్లో తేల్చేశాడు. “ఎక్కువ ఉన్నోడు ఎక్కువియ్యాలె, ఆకలైనోడు ఎక్కువ తినాలె. గింతే సంగతి. సార్ పేపర్ సదువుతడు, ఇనుండ్రి,” అని కూర్చున్నాడు.

నేను కత్తిరింపు విప్పాను. నిజం చెప్పాలంటే అందులో ఉన్నదంతా తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. ఆదాయం దాచేవాణ్ణి పట్టుకోవడం ఎలాగన్న ప్రశ్న నిజమైనదే. అదే చెప్పాను. పన్ను ఒకటే ఉంటే చిక్కులు తగ్గుతాయని చెప్పాను. చివర్లో ఒక పేరా ఉంది. అమ్మకం పన్ను ఒక్కటే పెట్టేటట్టయితే బీదవాడికి తిండి మేరకు పన్ను ముందుగానే తిరిగి ఇవ్వాలని. ఆ పేరా నేను క్యాంటీన్‌లో ఎప్పుడూ చదవలేదు. నా వాదనకు అడ్డమని వదిలేశాను. ఆ రోజు చదివాను. చదివి, “దేశం సంగతి నాకు తెలీదండీ. దేశానికి వండేవాళ్ళనూ వడ్డించేవాళ్ళనూ నేను చూడలేదు. ఇక్కడ చూశాను. ఇక్కడ నా లెక్క తప్పింది. కాగితం తెచ్చాను, మొదటి సంతకం నాది,” అన్నాను.

ముందుగా లేచింది బట్టీ అన్న. అతను నలుగురిలో మాట్లాడటం అదే మొదలు.

“నా ఒక్కనికోసం వద్దు సార్. అప్పుడు నేను గూడ చెయ్యెత్తిన గద.”

“నువ్వొక్కనివే ఎత్తినవా?” అన్నాడు మామ. “అందరెత్తిన్రు. నేను తప్ప.”

“మామా, ఎన్నిసార్లు చెప్తవే,” అన్నారెవరో వెనక నుంచి.

“సచ్చిందాక చెప్త.”

నవ్వులు ఆగినా బట్టీ అన్న కూర్చోలేదు. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అతను ఒప్పుకోకపోతే ఈ సంతకాలన్నీ అతనికి దానంగా కనబడతాయి, దానం అతను ముట్టడు. అప్పుడు అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

“ఎవనికోసమో ఎందుకు? మూణ్ణెల్లసంది ఎవరెన్ని టోకెన్లు కొంటరో ఎరుక లేక వండుతున్న. రోజూ అన్నం మిగుల్తుంది. పారబొయ్యాలంటే చెయ్యి వస్తలేదు. మనిషి మొహం సూసి పెట్టేదాన్ని, ఇప్పుడు బిళ్ళ సూసి పెడుతున్న. నాతోని అయితలేదు. నాకోసం పెట్టుండ్రి సంతకం.” తర్వాత బట్టీ అన్న వైపు తిరిగింది. “నువ్వు గూడ పెట్టు. నాకోసం.”

అక్కను కాదనలేనివాళ్ళలో అతను మొదటివాడని నాకు అంతకుముందే తెలుసు. వచ్చి, నా పెన్ను తీసుకుని, నా సంతకం కింద పేరు రాశాడు. స్టోర్స్ పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని మూడోది పెట్టాడు. “తినేవాడే కట్టాలన్నది మాత్రం నేను ఒదులుకోనండీ,” అన్నాడు, సంతకం పెడుతూనే.

“ఒదులుకోకు,” అన్నాడు మామ. “ఆమ్లెట్‌కు టోకెన్ ఉంచుండ్రి. కడుపుకు ఆకలైతది, నాలుకకు ఆశయితది. ఆశకు పైసలిచ్చుడే రైటు.”

నేను మామ వంక చూశాను. “మామా, అది అమ్మకం పన్ను. అది నా పక్షం.”

“అయితేంది? మంచిదైతే నీదైనా తీస్కుంట.”

అలా మా క్యాంటీన్‌లో అన్నం, కూర, మజ్జిగ ఆదాయాన్ని బట్టి, ఆమ్లెట్ అమ్మకాన్ని బట్టి నడిచాయి. దేశం కూడా రెండు పన్నులతోనే నడుస్తోంది కాబట్టి పెద్ద తేడా లేదు. మా వాదన ఆగిపోయిందనుకుంటే పొరపాటు. మర్నాటి నుంచి నేను ఆదాయపు పన్ను తరఫున, మామ అమ్మకం పన్ను తరఫున మొదలుపెట్టి, వారం తిరగకముందే ఎవరు ఎటో మర్చిపోయాం. వారంలో ఆరు రోజులూ క్యాంటీన్‌లోనే తినడం మొదలుపెట్టాను. కట్టిన డబ్బు దండగ చెయ్యకూడదన్నది మా ఆవిడ సిద్ధాంతం. డబ్బా కట్టే పని తప్పిందన్నది ఆవిడ సంతోషం.

ఆ తర్వాత నాచారంలో చాలా మారింది. స్టేడియం చుట్టూ ఉప్పల్లో అద్దెలు పెరిగాయి. మెట్రో కోసం మేం వచ్చే రోడ్డు తవ్వారు. ఉద్యమం రోజుల్లో బంద్‌లు వచ్చినప్పుడు మామ, “సార్, రాష్ట్రమొస్తే నిన్ను పొమ్మంటమనుకుంటున్నవా? నీ పన్నెవడు కడతడు?” అని నన్ను ఏడిపించేవాడు. రాష్ట్రం వచ్చిన ఏడాదే మామ రిటైరయ్యాడు. వీడ్కోలు భోజనం నాటికి దేశమంతటికీ ఒకే పన్ను అనే మాట పేపర్లలో మళ్ళీ వినిపిస్తోంది. మామ నా పక్కన కూర్చుని అడిగాడు.

“ఢిల్లీల ఒకటే పన్ను అంటున్నరట. ఇన్‌కంటాక్సు తీసేస్తరా మరి?”

“తియ్యరట మామా. అమ్మకానికి సంబంధించినవే ఒకటి చేస్తారట.”

“మరి గా పేపర్ ముక్క?”

చొక్కాలు మారినా ఆ కత్తిరింపు నా సొరుగులోనే ఉంది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. “ఉంది,” అన్నాను.

“పారెయ్యకు. రిటైరయినంక ఇంటికొస్త. మన కొట్లాట నేను ఇంక ఖతం జెయ్యలే.”

ఆ రోజూ మొదటి బంతి బట్టీ వాళ్ళదే. చివర బట్టీ అన్న. జుట్టు అక్కడక్కడా నెరిసింది. జవహర్‌నగర్‌లో ఆ గది ఎప్పుడో పూర్తయింది, పైన ఇంకోటి లేస్తోంది. చారన్నం అయ్యాక లేచి వచ్చి, నా ముందు ఒక బిళ్ళ పెట్టాడు. ఆమ్లెట్ టోకెన్.

“ఏంటిది?” అన్నాను.

“తినుండ్రి సార్. మీ అమ్మకం పన్ను.”

అన్ని సంవత్సరాల్లో అతను వేసిన జోక్ అదొక్కటే. ఇచ్చిందానికి డబ్బు తిరిగివ్వబోతే అతను ఏమంటాడో నాకు తెలుసు, అందుకని ఇవ్వబోలేదు. అక్క ఉల్లిపాయలు బాగా వేసి, అంచులు ఎర్రగా కాల్చి తెచ్చింది. నేను తింటుంటే అతను మళ్ళీ తన చోటికెళ్ళి కూర్చుని, మజ్జిగ అన్నానికి కంచం చాపాడు.